గోడలో నడిచే వేడి: జోసెఫ్ ఫూరియే జీవితం



పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు మార్కుల ముచ్చట అయిపోయాక కుర్చీలోంచి లేస్తూ ఒక ప్రశ్న అడిగారు. వాళ్లది దేవరయాంజాల్‌లో కొత్తగా కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు. పిల్లల పడకగది పైన. ఎండాకాలంలో సూర్యుడు ఆరున్నరకల్లా దిగిపోతాడు, బయట గాలి కూడా కాస్త చల్లబడుతుంది, అయినా ఆ గది రాత్రి పదింటికి కూడా కొలిమిలా ఎందుకుంటుంది మేడమ్ అని. స్లాబు వేడెక్కింది సర్, చల్లారడానికి టైమ్ పడుతుంది అని చెప్పి పంపించాను. జవాబు తప్పేమీ కాదు. కానీ ఎంత టైమ్, ఎందుకంత టైమ్, ఈ అయిదారు అంగుళాల స్లాబుకీ మా నాయనమ్మ వాళ్ల ఇంటి రెండడుగుల మట్టిగోడకీ తేడా ఎంత అని ఇంకొక్క మాట అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. నేనూ అదే ఊళ్లో పై అంతస్తు గదిలో అద్దెకుంటున్నాను. కాబట్టి ఆ ప్రశ్న ఆ రాత్రి నాతోపాటే ఇంటికొచ్చింది.

వెతుక్కుంటూ పోతే అది నన్ను రెండు వందల ఏళ్ల కిందటి ఒక ఫ్రెంచి మనిషి దగ్గరికి చేర్చింది. మీలో ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఆయన పేరు గుర్తుండే ఉంటుంది, బహుశా అంత ప్రేమగా కాకపోవచ్చు. ఫోరియర్ సిరీస్, ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ అంటూ మ్యాథ్స్ పేపర్లో ఎంతోమందితో సప్లీలు రాయించిన ఫోరియర్ ఆయనే. ఫ్రెంచివాళ్లు ఫూరియే అని పలుకుతారు. నేను బీఎస్సీలో ఆ చాప్టర్ చదివినప్పుడు అది రేడియోలకూ సిగ్నళ్లకూ సంబంధించిన గొడవ అనుకున్నాను. కాదు. ఆయన ఆ లెక్కలన్నీ కట్టింది వేడి కోసం. ఇనుప ముక్కలో, నేలలో, గోడలో వేడి ఎలా నడుస్తుందో తెలుసుకోవడం కోసం.

జోసెఫ్ ఫూరియే 1768 మార్చి 21న ఫ్రాన్స్‌లోని ఓసేర్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి దర్జీ. ఇంటి నిండా పిల్లలు. తొమ్మిదేళ్ల వయసులో తల్లి పోయింది, ఆ మరుసటి ఏడే తండ్రీ పోయాడు. అనాథగా మిగిలిన పిల్లవాణ్ణి ఊళ్లోవాళ్లు చదువులో పెట్టారు. 1780లో అక్కడి సైనిక పాఠశాలలో చేరాడు. దాన్ని నడిపింది క్రైస్తవ సన్యాసులు. పగలంతా క్లాసులు, రాత్రి దీపాలు ఆర్పేయాలి. ఈ అబ్బాయి వంటింట్లోనూ వరండాల్లోనూ కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏరి దాచుకుని, అందరూ పడుకున్నాక వాటి వెలుగులో లెక్కలు చేసుకునేవాడని చెబుతారు. పద్నాలుగేళ్లకే బెజూ అనే ఆయన రాసిన ఆరు సంపుటాల గణిత పాఠ్యగ్రంథాన్ని పూర్తి చేశాడు. (ఇది పిల్లలకు చదివి వినిపించి, చూడు ఎంత చదివాడో అని పోల్చకండి. నేను క్లాసులో ఒకసారి ఆ పొరపాటు చేశాను, ఎవరికీ నచ్చలేదు.)

చదువైపోయాక ఫిరంగి దళంలో ఆఫీసరు కావాలనుకున్నాడు. ఆ రోజుల్లో ఆ ఉద్యోగానికి లెక్కలు బాగా రావాలి, ఆయనకు అందరికన్నా బాగా వచ్చు. కానీ దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం మార్కులు కాదు, పుట్టుక. దర్జీ కొడుక్కి ఆ తలుపు తెరుచుకోదు. ఇక మిగిలిన దారి మఠం. 1787లో సన్యాసిగా మారడానికి ఒక ఆశ్రమంలో చేరాడు. అక్కడ ఉన్నన్నాళ్లూ ప్రార్థనలకన్నా బీజగణితమే ఎక్కువ నడిచింది. ఇరవై ఒకటో ఏట ఒక గురువుకు రాసిన ఉత్తరంలో, ఈ వయసుకు న్యూటన్, పాస్కల్ చరిత్రలో నిలిచే పనులు చేసేశారని, తను మాత్రం ఇక్కడే ఉన్నానని దిగులుపడ్డాడు. దీక్ష తీసుకోకుండానే 1789లో బయటికొచ్చాడు. అదే ఏడు ఫ్రెంచి విప్లవం మొదలైంది.

విప్లవం ఆయనకు మేలూ చేసింది, కీడూ చేసింది. పుట్టుకను బట్టి తలుపులు మూసే కాలం పోయింది. సొంత ఊళ్లో, తను చదివిన బడిలోనే టీచరయ్యాడు. స్థానిక విప్లవ సంఘంలో చేరాడు, తర్వాత అది మనుషుల తలలు నరికే దాకా వెళ్లేసరికి తప్పుకోవాలని చూశాడు, కుదరలేదు. 1794 జులైలో తననే అరెస్టు చేశారు. గిలటిన్ తప్పదనుకున్నాడు. ఆ నెలాఖరులో రోబెస్పియర్‌నే గిలటిన్ ఎక్కించడంతో జైళ్లు తెరుచుకున్నాయి, ఫూరియే బతికి బయటపడ్డాడు. వారాలు అటూ ఇటూ అయి ఉంటే మన స్లాబు లెక్క ఇంకెవరి పేరుతో ఉండేదో.

1795లో టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి పారిస్‌లో ఒక కొత్త సంస్థ పెట్టారు. మన బీఎడ్ కాలేజీ లాంటిదే అనుకోండి, కాకపోతే అక్కడ పాఠాలు చెప్పింది లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్. ఆ కాలానికి గణితంలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఫూరియే ఆ మొదటి బ్యాచ్ విద్యార్థి. ఈ ముగ్గురి పేర్లు గుర్తుపెట్టుకోండి, పన్నెండేళ్ల తర్వాత మళ్లీ వస్తారు. కొద్దికాలానికే ఆయన ఎకోల్ పాలిటెక్నిక్‌లో అధ్యాపకుడై, 1797లో లగ్రాంజ్ వదిలిన పీఠంలోనే కూర్చున్నాడు.

తర్వాతి నాలుగేళ్లూ ఈజిప్టు. 1798లో నెపోలియన్ సైన్యంతోపాటు పండితులను కూడా ఓడల్లో ఎక్కించుకుని వెళ్లాడు. ఫూరియే కైరోలో పెట్టిన విజ్ఞాన సంస్థకు కార్యదర్శి అయ్యాడు. 1801లో తిరిగొచ్చాక మళ్లీ పాఠాలు చెప్పుకుందామనుకుంటే, నెపోలియన్ ఆయన్ను ఇజేర్ అనే జిల్లాకు ప్రిఫెక్టుగా వేశాడు. మన భాషలో జిల్లా కలెక్టరు. మకాం గ్రెనోబుల్, ఆల్ప్స్ కొండల పక్కన. ఒక కలెక్టరుకు ఉండే పనులన్నీ ఆయనకూ ఉన్నాయి. బుర్గ్వాన్ దగ్గర ఏళ్ల తరబడి జ్వరాలకు కారణమైన చిత్తడి నేలల నీళ్లు తీయించాడు. దానికోసం అనేక గ్రామాలవాళ్లను కూర్చోబెట్టి ఒప్పించాల్సి వచ్చింది. గ్రెనోబుల్ నుంచి ఇటలీలోని టురిన్‌కు కొండల మీదుగా రోడ్డు పనులు చూశాడు. ఫైళ్లు, సంతకాలు, తగాదాలు. ఇవన్నీ అయ్యాక మిగిలిన వేళల్లో, 1804 నుంచి 1807 దాకా, వేడి గురించి ఆలోచించాడు.

ఎందుకు వేడే అన్నదానికి ఒక కథ ఉంది. ఈజిప్టు నుంచి వచ్చాక ఆయనకు చలి అసలు పడేది కాదు. ఎండాకాలంలో కూడా మందపాటి కోట్లు తొడుక్కునేవాడు, గదిని ఎప్పుడూ నిప్పుల పొయ్యిలా ఉంచేవాడు. వచ్చిన అతిథులకు ఆ గదిలో ఊపిరాడేది కాదు. ఏదో జబ్బే ఆ చలికి కారణమని ఇప్పటివాళ్లు అనుకుంటారు. చలికి వణికే మనిషే వేడి మీద పుస్తకం రాశాడని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, నాకు మాత్రం అదొక్కటే కారణమనిపించదు. న్యూటన్ ఆకాశంలో గ్రహాలకు లెక్క రాసిపెట్టాడు. అంతటా ఉండే వేడికి మాత్రం అలాంటి లెక్క ఎవరూ రాయలేదు. ఇరవై ఒకటో ఏట దిగులుపడిన మనిషి ముందు అంత పెద్ద ఖాళీ కనబడింది.

అప్పటికి పండితులంతా ఒక వాదంలో ఇరుక్కుని ఉన్నారు. వేడి అంటే కంటికి కనబడని ఒక ద్రవమని కొందరు, పదార్థంలోని కణాల కదలిక అని కొందరు. ఫూరియే ఆ వాదంలో దిగలేదు. వేడి అంటే ఏమిటో తేల్చకుండానే అది ఎలా నడుస్తుందో కొలవవచ్చు, కొలిచినదాన్ని సమీకరణంగా రాయవచ్చు అన్నది ఆయన పద్ధతి. వేడి ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకే పోతుంది. రెండు వైపులా తేడా ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ పోతుంది. మధ్యలో ఉన్నది ఎంత మందంగా ఉంటే అంత తక్కువ పోతుంది. మిగతాది ఆ వస్తువు స్వభావం: ఇనుమైతే గబగబా పంపుతుంది, ఇటుక నెమ్మదిగా, థర్మకోల్ ఇంకా ఇంకా నెమ్మదిగా. దీనికి ఇంకో మాట చేర్చాడు. గోడను పల్చటి పొరలుగా ఊహించుకుంటే, ఒక పొరలోకి వచ్చిన వేడి, అందులోంచి పోయిన వేడికన్నా ఎక్కువైతే ఆ తేడా అక్కడే నిలిచి పొరను వేడెక్కిస్తుంది. ఈ రెండు మాటలే ఉష్ణ సమీకరణం. మిగతాదంతా దాన్ని సాధించే తంటా.

కాగితం మీద రాసి ఊరుకోలేదు. ఒక ఇనుప వలయం తీసుకుని దానికి అక్కడక్కడా చిన్న గుంటలు తొలిపించి, వాటిలో పాదరసం పోసి, ప్రతి గుంటలో ఒక థర్మామీటరు నిలబెట్టాడు. వలయాన్ని ఒకచోట దీపంతో వేడి చేసి, ఏ గుంటలో ఎంత చూపిస్తుందో రాసుకున్నాడు. సమాన దూరంలో ఉన్న మూడు గుంటలు తీసుకుని, అటూ ఇటూ ఉన్న రెండింటి రీడింగులు కలిపి మధ్యదానితో భాగిస్తే, ఏ మూడు తీసుకున్నా ఒకే సంఖ్య రావాలని ఆయన లెక్క చెప్పింది. (రీడింగు అంటే ఇక్కడ గది గాలికన్నా ఎంత ఎక్కువ అని.) కొలతల్లో కూడా దాదాపు అదే వచ్చింది. సైన్స్ ల్యాబులో మన పిల్లలు చేసే పట్టికలాంటిదే అది. ఒక కలెక్టరుగారి ఇంట్లో జరిగింది, అంతే.

అసలు చిక్కు అక్కడ కాదు, సమీకరణాన్ని సాధించడంలో వచ్చింది. ఒక రోజు ఎండను ఊహించండి. పొద్దున మెల్లగా ఎక్కుతుంది, మధ్యలో ఒక మబ్బు అడ్డం వస్తుంది, మళ్లీ ఎక్కుతుంది, సాయంత్రం దిగుతుంది. గ్రాఫు గీస్తే వంకరటింకర గీత. ఇలాంటి ఏ గీతనైనా నున్నటి అలలుగా విడగొట్టవచ్చని ఫూరియే అన్నాడు: ఏడాదికి ఒకసారి లేచిపడే అల, రోజుకు ఒకసారి లేచిపడే అల, రోజుకు రెండుసార్లది, మూడుసార్లది, ఇలా. ఒక్కో అల గోడలో ఎలా నడుస్తుందో లెక్కగట్టి అన్నీ కలిపితే గోడలో ఏ లోతున ఏ వేళకు ఎంత వేడి ఉంటుందో చెప్పేయవచ్చు. మనల్ని పరీక్షల్లో ఏడిపించిన ఫోరియర్ సిరీస్ ఇదే.

1807 డిసెంబర్ 21న ఈ పరిశోధనను పారిస్‌లోని విజ్ఞాన సంస్థకు సమర్పించాడు. పరిశీలించడానికి వేసిన కమిటీలో నలుగురు. లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్, వాళ్లతోపాటు లక్రువా. మొదటి ముగ్గురూ తన గురువులే. లగ్రాంజ్ గట్టిగా అడ్డం చెప్పాడు. మూలలూ విరుపులూ ఉన్న గీత నున్నటి అలల మొత్తం ఎలా అవుతుంది, ఇది గణితం ఒప్పుకునే మాట కాదు అన్నది ఆయన అభ్యంతరం. లాప్లాస్‌కూ అనుమానాలున్నాయి. ఫూరియే మళ్లీ వివరంగా రాసి పంపాడు. అయినా ఆ పేపరు అచ్చు కాలేదు. 1811లో ఆ సంస్థే వేడి ప్రసారం మీద బహుమతి పోటీ పెట్టింది. ఫూరియే తన పనిని పెంచి, మళ్లీ రాసి పంపాడు. బహుమతి వచ్చింది. దానితోపాటు ఇందులో కచ్చితత్వం చాలదు అన్న ఒక ముక్తాయింపు కూడా వచ్చింది. అదీ వెంటనే అచ్చు వేయలేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. లగ్రాంజ్ అసూయతో అడ్డుపడ్డాడని రాసేస్తే కథ తేలికవుతుంది, కానీ అది సరికాదు. ఆయన అడిగిన ప్రశ్న నిజమైన ప్రశ్న. ఏ గీతలు అలా విడిపోతాయి, ఏవి విడిపోవు అన్నదానికి గట్టి నిరూపణ ఫూరియే దగ్గర లేదు. దాన్ని ఆ తర్వాత డిరిక్లే మొదలుకుని ఎందరో గణితజ్ఞులు సరిచేస్తూ వచ్చారు. ఇద్దరూ సగం సగం ఒప్పే. ఫూరియే జవాబు సరైనదే, స్టెప్పులు పూర్తిగా లేవు. పేపర్లు దిద్దే మనిషిగా నాకు ఇది బాగా అర్థమవుతుంది. అలాంటి పేపరుకు ఎన్ని మార్కులేయాలో ఇప్పటికీ నాకు ప్రతి పరీక్షలోనూ సందేహమే.

చివరికి 1822లో తానే పుస్తకంగా వేశాడు. మొదట రాసి సమర్పించాక పదిహేనేళ్లకు. వేడి విశ్లేషణ సిద్ధాంతం అన్నది దాని పేరుకు అర్థం. ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఒక భాగం నన్ను కట్టిపడేసింది. అది మూసి ఉన్న గదిని వేడి చేయడం గురించి. గది లోపల ఒక పొయ్యి ఎప్పుడూ ఒకే వేడితో ఉంది, బయట చలి. లోపలి గాలి ఎంత దాకా వేడెక్కి ఆగుతుంది? అది పొయ్యి ఎంత పెద్దది, గోడల వైశాల్యం ఎంత, మందం ఎంత, అవి దేంతో కట్టినవి అన్నవాటిని బట్టి తేలుతుందని లెక్కగట్టి చూపించాడు. ఒక గోడ బదులు ఒకదాని చుట్టూ ఒకటి రెండు మూడు గోడలుంటే ఏమవుతుందో కూడా చెప్పాడు. భవనాల్లో చల్లదనానికీ వెచ్చదనానికీ ఇంజనీర్లు నేడు కట్టే లెక్కలకు పునాది అక్కడుంది. మీరు ఏసీ కొనడానికి వెళ్తే షాపతను గది ఎన్ని అడుగులు, పై అంతస్తా కింద అంతస్తా, పడమటి గోడ ఉందా అని అడుగుతాడు చూడండి, అది ఫూరియే లెక్కకు షాపు భాష. ఒక టన్ను ఏసీ అంటే ఆ పెట్టె బరువు కాదు. ఒక టన్ను మంచు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో, అంత వేడిని గదిలోంచి అదే వేగంతో తీసి బయట పారేయగలదని. దాదాపు మూడున్నర కిలోవాట్లు. కూర్చున్న ఒక పెద్దమనిషే దాదాపు 100 వాట్ల వేడి వదులుతాడు. చుట్టాలు వచ్చిన రోజు ఏసీ సరిగ్గా పనిచేయట్లేదని అనిపించడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు ఆ నాన్నగారి స్లాబు దగ్గరికొద్దాం. రోజువారీ ఎండ అల కాంక్రీటులోకి దిగుతూ రెండు పనులు చేస్తుంది: లోతుకు పోయేకొద్దీ బలం తగ్గుతుంది, ఆలస్యమూ అవుతుంది. అయిదారు అంగుళాల స్లాబు దాటడానికి ఆ అలకు సుమారు మూడు నాలుగు గంటలు పడుతుంది. డాబా పైన రెండింటి ప్రాంతంలో ఎండ గరిష్ఠమైతే, పడకగది కప్పు గరిష్ఠంగా కాలేది సాయంత్రం అయిదారు గంటలకు. అప్పటి నుంచి అది చల్లారడం మొదలవుతుంది, కానీ దాచుకున్న వేడినంతా రాత్రి దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. సూర్యుడు దిగిపోయినా స్లాబు దగ్గర మధ్యాహ్నం ఇంకా మిగిలే ఉంటుంది. రెండడుగుల మట్టిగోడలో అదే అల అవతలికి చేరేసరికి అసలు ఏమీ మిగలదు. పగలూ రాత్రీ తేడా గోడలోనే ఇంకిపోతుంది. నాయనమ్మ వాళ్ల ఇల్లు మే నెలలో మధ్యాహ్నం చల్లగా ఉండటంలో పైన ఉన్న గూన పెంకుల కన్నా ఆ గోడలదే ఎక్కువ వాటా. (మట్టికుండలో నీళ్లు చల్లబడటం వేరే సంగతి, అది ఆవిరి పని. పిల్లలు ఈ రెండూ కలిపేస్తుంటారు.)

నెమ్మదైన అలలు ఇంకా లోతుకు పోతాయి. ఏడాదికి ఒకసారి వచ్చే అల, రోజుకు ఒకసారి వచ్చే అలకన్నా 19 రెట్ల లోతుకు దిగుతుంది. 365కి వర్గమూలం కడితే మీ తొమ్మిదో తరగతి పిల్లలే ఆ 19 ఎక్కడిదో చెబుతారు. పారిస్ అబ్జర్వేటరీ కింద దాదాపు 28 మీటర్ల లోతున ఉన్న నేలమాళిగలో ఏడాది పొడవునా థర్మామీటరు కదలదు. మన ఊరి లోతు బావుల్లో నీళ్లు వేసవిలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా తగలడమూ అందుకే. నీళ్లు అలాగే ఉన్నాయి, మారింది మనం.

పారిస్‌లో ఆయన చివరి సంవత్సరాలు అంకెల మధ్యే గడిచాయి. నెపోలియన్ పడిపోయాక, 1815లో ఉద్యోగం పోయింది. పాత శిష్యుడొకరు అప్పుడు పారిస్ ఉన్న సేన్ జిల్లాకు ప్రిఫెక్టు. ఆయన పిలిచి గణాంకాల కార్యాలయం అప్పగించాడు. జననాలు, మరణాలు, నగర జనాభా పట్టికలు ఆయన చేతుల మీదుగా అచ్చయ్యాయి. 1817లో అకాడమీ సభ్యుడు, 1822లో దానికి శాశ్వత కార్యదర్శి. ఆ పదవిలో ఉండగా సోఫీ జెర్మేన్ అనే గణిత శాస్త్రవేత్తకు అకాడమీ సమావేశాల్లో కూర్చునే వీలు కల్పించాడు. సభ్యుల భార్య కాకుండా తన సొంత పేరు మీద ఒక మహిళ అక్కడికి వెళ్లడం అదే మొదలు. గ్రెనోబుల్‌లో ఉన్నప్పుడు ఈజిప్టు వస్తువులు చూపించి ఆశ పుట్టించిన కుర్రాడు షాంపోలియన్, 1822లోనే ఈజిప్టు బొమ్మల లిపి గుట్టు విప్పాడు. 1824లో ఫూరియే భూమి వెచ్చగా ఎందుకుందో రాస్తూ, వెలుగును లోపలికి రానిచ్చి వేడిని అంత తేలికగా బయటికి పోనివ్వని వాతావరణాన్ని అద్దాల పెట్టెతో పోల్చాడు. ఎండలో అద్దాలు ఎత్తి పార్క్ చేసిన కారులో కూర్చున్నవాళ్లెవరికైనా ఆ పెట్టె సంగతి తెలుసు.

ఆయన సమీకరణాన్ని చూసి 1827లో జర్మనీలో ఓమ్ అనే స్కూలు టీచరు, వేడి గోడలో నడిచినట్టే కరెంటు తీగలో నడుస్తుందని తన సూత్రం రాశాడు. టెన్త్ పిల్లలు బట్టీపడుతున్న ఓమ్ సూత్రం అదే. ఇప్పుడు లెక్క తిరిగొచ్చింది. ఇంజనీర్లు ఒక భవనాన్ని కరెంటు సర్క్యూట్‌లా గీస్తారు: గోడలు రెసిస్టర్లు, వేడి దాచుకునే స్లాబులు కెపాసిటర్లు. ప్రతి ఇటుకనూ కొలవక్కర్లేదు. గదుల్లో సెన్సర్లు పెట్టి కొన్ని వారాలు ఉష్ణోగ్రతలు, బయటి ఎండ, ఏసీ వాడిన కరెంటు రాసుకుంటూ పోతే, ఆ రెసిస్టర్ల, కెపాసిటర్ల విలువలు ఎంతుంటే ఈ రీడింగులు వస్తాయో కంప్యూటరు వెతికి పట్టుకుంటుంది. అప్పుడు రేపు మధ్యాహ్నం ఈ గది ఎంత వేడెక్కుతుందో, ఏసీ ఎన్ని గంటలకు వేస్తే చాలో ముందే చెప్పవచ్చు. వేడి లోగుట్టు తేల్చకుండా కొలతల నుంచి లెక్కకు పోయే పద్ధతి ఇది. గ్రెనోబుల్‌లో ఇనుప వలయానికి చేసింది ఇదే.

ఈ కొలతలు మన దగ్గరా జరిగాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ వాళ్లు కలిసి హైదరాబాద్ ప్రాంతంలోని రెండు భవనాల పైకప్పుల మీద సెన్సర్లు పెట్టి చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. నల్లటి పైకప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్ల కరెంటు ఆదా అయింది. ఏ రంగూ వేయని కాంక్రీటుకు తెల్ల పూత వేస్తే 13, 14 యూనిట్లు. 2017లో దేవరకొండ బస్తీలో 25 చిన్న ఇళ్ల మీద చల్లదనం కోసం తెల్లటి పొర పరిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఆ తర్వాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ ఇది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లవాళ్ల ఇష్టం. తెల్ల పూత చేసేది ఫూరియే పని మొదలవకముందే: ఎండలో చాలా భాగాన్ని స్లాబులోకి దిగనీయకుండా పైనుంచే తిప్పి పంపిస్తుంది. దిగిన కాస్తా ఎప్పటికి కిందికి చేరుతుందో ఫూరియే చెబుతాడు. సర్, మీ ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇది. పూత వేయించేటట్టయితే మార్చిలోపు వేయించండి, వేయించకముందు ఒక వారం, తర్వాత ఒక వారం, పాపతో కప్పు కింద థర్మామీటరు రీడింగులు రాయించండి. పట్టిక నాకూ చూపించమనండి.

1830 మే 4న ఫూరియే తన ఇంటి మెట్ల మీద పడిపోయాడు. అప్పటికే ఆరోగ్యం బాగోలేదు. మే 16న పోయాడు, 62 ఏళ్లకు. ఆ సమయంలో అకాడమీ పోటీకి వచ్చిన ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడి వ్యాసం పరిశీలన కోసం ఆయన దగ్గరే ఉంది. కుర్రాడి పేరు గాల్వా. ఆ కాగితాలు ఆయన వస్తువుల్లో దొరకలేదు. తన పేపరు పదిహేనేళ్లు ఎదురుచూసిన మనిషి దగ్గరే ఇంకొకరి పేపరు పోయింది.

ఆయన 1807లో ఇచ్చిన మొదటి పేపరు మాత్రం పోలేదు. పారిస్‌లో రోడ్లూ వంతెనలూ కట్టే ఇంజనీర్ల కాలేజీ లైబ్రరీలో భద్రంగా ఉండిపోయింది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా పూర్తిగా అచ్చువేసింది 1972లో.